ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది? మార్కో పోలో చూసిన ఓడల్లో మేకుల సంగతేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రానికి కూతవేటు దూరంలో పదో తరగతి పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. మా దగ్గర తుప్పు పాఠం పుస్తకం తెరవకముందే మొదలవుతుంది. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడి అరచేయి చూస్తే చాలు, ఎర్రగా ఉంటుంది. మా ఊరికి మోటుపల్లి దూరమేమీ కాదు. ఏడు వందల ఏళ్ల కిందట వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన పుస్తకంలో చెప్పిన రేవు అది. ఒకసారి తుప్పు పాఠం మధ్యలో ఆయన పేరెత్తాను. అప్పట్నుంచి ఈ రెండింటి మీదా ప్రశ్నలు కలిసే వస్తున్నాయి. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఇల్లు కట్టుకుంటున్న ఇరుగుపొరుగు మళ్లీ మళ్లీ అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

ఇనుముకు అసలు తుప్పు ఎందుకు పడుతుంది?

నేలలో ఇనుము ఇనుముగా దొరకడం చాలా అరుదు. ఆక్సిజన్‌తో కలిసిపోయి ఎర్రరాయిగానో నల్లరాయిగానో ఉంటుంది. కొలిమిలో మండే బొగ్గు ఆ ఆక్సిజన్‌ను లాగేసుకుంటే ఇనుము మిగులుతుంది. అంత వేడి పెట్టి విడదీశాం కాబట్టి, సందు దొరికితే ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలవాలనే చూస్తుంది. ఆ సందు ఇచ్చేది నీరు.

దీన్ని కళ్లతో చూడొచ్చు. గరుకు కాగితంతో బాగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక్క చుక్క ఉప్పునీళ్లు వేసి, ఒక గంట కదపకుండా ఉంచండి. చుక్క అంచుకు గాలి బాగా అందుతుంది, నడిబొడ్డుకు అందదు. నడుమనున్న ఇనుము కరిగి నీటిలోకి దిగుతుంది. దిగుతూ తన ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలేస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచి ప్రయాణించి అంచుకు చేరతాయి. అక్కడ నీటినీ ఆక్సిజన్‌నూ హైడ్రాక్సైడ్‌గా మారుస్తాయి. నడుమ నుంచి వచ్చిన ఇనుము, అంచు నుంచి వచ్చిన హైడ్రాక్సైడ్ దారిలో కలుసుకుంటాయి. వాటికి ఇంకాస్త ఆక్సిజన్ తోడైతే గోధుమరంగు ముద్ద తయారవుతుంది. అదే తుప్పు. అందుకే తుప్పు చుక్క నడుమ కాకుండా ఉంగరంలాగా చుట్టూ పేరుకుంటుంది. ఇనుము పోయేది ఒకచోట, తుప్పు కనిపించేది ఇంకోచోట. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే వాటిలో సగం మీకే తెలిసిపోతాయి.

చుక్కలో కరెంటు నడుస్తోందన్న మాట. చిన్న బ్యాటరీ అది.

నీరు, గాలి రెండూ ఉండాలా? ఒక్కటి చాలదా?

రెండూ ఉండాలి. మూడు పరీక్షనాళికల ప్రయోగం అందరూ బడిలో చేసిందే. మామూలు నీళ్లలో మేకు రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. మరగబెట్టి పైన నూనె పోసిన నీళ్లలో మేకు మెరుస్తూనే ఉంటుంది. తేమ పీల్చేసే కాల్షియం క్లోరైడ్ వేసిన పొడి నాళికలోనూ అంతే.

అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది కదా, అది ఎందుకు తుప్పు పట్టి రాలిపోదు?

అల్యూమినియం మీద ఏర్పడే పొర పలుచగా, గట్టిగా అంటుకుని, లోపలి లోహానికి కవచమై కూర్చుంటుంది. ఇనుప తుప్పు అలా కాదు. తాను ఏ ఇనుము నుంచి పుట్టిందో దానికి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. పట్టక పొంగుతుంది, పొరలుగా లేస్తుంది, రాలుతుంది. కింద తాజా ఇనుము బయటపడి మళ్లీ మొదలు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం అల్యూమినియం మాదిరిగానే కవచం కడుతుంది.

సముద్రం పక్కన తుప్పు ఎందుకింత తొందరగా పడుతుంది?

ఉప్పు వల్ల. ఉప్పు నేరుగా ఇనుమును తినదు, ఇందాకటి బ్యాటరీకి దారి సుగమం చేస్తుంది. మంచినీటికంటే ఉప్పునీటిలో అయాన్లు, అంటే కరెంటు మోసే కణాలు, ఎక్కువగా ఉంటాయి. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఇనుము మీద ఏ కాస్త రక్షణపొర ఉన్నా దానికి చిల్లులు పొడుస్తుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చే గుణం కూడా ఉంది కాబట్టి, వాన లేని రోజున కూడా మా కిటికీ ఊచలు తడిగానే ఉంటాయి.

మార్కో పోలోకీ దీనికీ సంబంధం ఏమిటి?

పోలో 1254లో వెనిస్‌లో పుట్టాడు. 1271లో నాన్న నికోలో, బాబాయి మఫియోతో బయల్దేరి, 1275 ప్రాంతంలో చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ కొలువు చేరి, 1295లో ఇంటికి తిరిగొచ్చాడు. తర్వాత జెనోవా వాళ్ల చేతికి చిక్కి జైల్లో ఉన్నప్పుడు, 1298లో, తోటి ఖైదీ అయిన పీసా వాసి రుస్తికెల్లోకు తన ప్రయాణం చెప్పి రాయించాడు. అది వర్తకుడి పుస్తకం. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఏ సరుకు ఎలా తయారవుతుంది, ఏ ఓడ ఎంత బరువు మోస్తుంది అన్నవే అందులో ఎక్కువ. ఓడల దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు మేకుల మీద పడింది. అందుకే రసాయనశాస్త్రం చెప్పేవాళ్లకు ఆ పుస్తకం ఇష్టం.

పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్ రేవులో ఆయన చూసిన ఓడల్లో ఇనుప మేకు ఒక్కటీ లేదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టారు. పీచును గుర్రపు వెంట్రుకల్లా అయ్యేదాకా ఎలా దంచుతారో, ఆ నారతో తాళ్లు ఎలా పేనుతారో కూడా చెప్పాడు. మన కోనసీమ వాళ్లకు ఆ వర్ణన కొత్తేమీ కాదు. కొబ్బరి తాడు సముద్రపు నీటికి చెడదు గానీ తుఫానుకు ఆగదని ఆయన రాయించాడు. ఆ ఓడలకు తారు పూయరు, చేపనూనె పూస్తారు. ఒకటే తెరచాప కొయ్య, ఒకటే తెరచాప, పైకప్పు లేదు. సరుకు మీద తోళ్లు కప్పి, వాటి మీద గుర్రాలను ఎక్కించి ఇండియాకు తోలుకెళ్తారు. చాలా ఓడలు మునిగిపోతాయి. ఆయన లెక్కలో అవి నాసిరకం ఓడలు.

పోలో కుటుంబం చైనాకు వెళ్లేటప్పుడు హోర్ముజ్ దాకా వచ్చి కూడా ఓడ ఎక్కకుండా వెనుదిరిగి నేలదారి పట్టింది. ఆ ఓడలను చూసి వెనకాడారేమో అని చాలామంది ఊహిస్తారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

మేకులు వాడకపోవడానికి తుప్పే కారణమా?

ఒక్క తుప్పే కాదు. ఆ చుట్టుపక్కల మేకులకు ఇనుము లేదని పోలో అంటాడు. కానీ అదే పుస్తకంలో, హోర్ముజ్‌కు ఎగువన ఉన్న కెర్మాన్ రాజ్యంలో ఉక్కు గనులు మెండుగా ఉన్నాయనీ, అక్కడ కత్తులు, కళ్లేలు, జీను సామాను చేస్తారనీ రాయించాడు. ఇనుము దొరక్క కుట్టారన్న మాటకు ఇది అడ్డొస్తుంది. పుస్తకం తాలూకు ఇంకో ప్రతిలో మరో కారణం ఉంది. అక్కడి కలప మరీ గట్టిది, మేకు కొడితే మట్టికుండలా పగులుతుందట.

నన్నడిగితే అసలు కారణం వాడుకలో ఉంది. కుట్టిన పడవ వంగుతుంది. అలలు విరిగేచోట ఇసుకకు కొట్టుకున్నప్పుడు మేకులు కొట్టిన పడవ చీలుతుంది, కుట్టిన పడవ ఒళ్లు సర్దుకుంటుంది. మన కోరమాండల్ తీరంలో రేవు కట్టని చోట, మద్రాసు నుంచి పైదాకా, మసూలా పడవలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకునూ నురగ దాటించి ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టు పడవలే.

పోలో తీర్పు కుట్టు ఓడల పట్ల అన్యాయంగా ఉందని నా అభిప్రాయం. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర సముద్రం అడుగున 9వ శతాబ్దపు ఓడ ఒకటి దొరికింది. అది కూడా తాళ్లతో కుట్టిందే. దాని కడుపులో సుమారు 60,000 చైనా పింగాణీ పాత్రలు ఉన్నాయి. పోలో పుట్టడానికి నాలుగు వందల ఏళ్ల ముందే కుట్టు ఓడ చైనా సరుకు ఎత్తుకుని తిరిగిందన్నమాట. 2010లో ఒమాన్ వాళ్లు ఆ తీరులోనే మేకు లేకుండా ఓడ కట్టి సింగపూర్ దాకా నడిపించారు.

అయస్కాంత పర్వతం ఓడల మేకులను పీకేస్తుందన్న కథ నిజమేనా? అందుకే కుట్టారా?

అది కథే. అరబ్బు దేశాల్లోనూ ఐరోపాలోనూ మధ్యయుగంలో బాగా ప్రచారంలో ఉండేది. అయస్కాంతం బలం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. చెక్కలో బిగిసిన మేకును దూరం నుంచి పీకగల కొండ భూమ్మీద లేదు. ఒక చిన్న ముచ్చట: కొత్త ఇనుప మేకు అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది, దాని నుంచి రాలిన గోధుమరంగు తుప్పు పొడి దాదాపు కదలదు. పిల్లలతో చేయించండి, ఇనుము వేరే పదార్థంగా మారిపోయిందని నమ్మడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

చైనా ఓడల్లో మేకులు ఉండేవా? మరి అవి తుప్పు పట్టలేదా?

ఉండేవి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

చైనా నుంచి ఇండియాకు వచ్చే పెద్ద ఓడలను పోలో ఎంతో మెచ్చుకుంటూ వర్ణించాడు. నాలుగు తెరచాప కొయ్యలు, వర్తకులకు యాభై అరవై గదులు. కొన్నింటిలో లోపలి భాగాన్ని అడ్డుగోడలతో పదమూడు అరలుగా విడగొట్టారు. ఒకచోట చిల్లు పడితే ఆ అర ఒక్కటే నిండుతుంది, మిగతా ఓడ తేలుతూనే ఉంటుంది. పలకలు రెండు వరుసలు, ఇనుప మేకులతో బిగించినవి. వాళ్లకు తారు దొరకదు కాబట్టి సున్నాన్నీ సన్నగా తరిగిన జనుపనారనూ ఒక చెట్టు నూనెతో కలిపి దంచుతారు. ఆ ముద్ద జిగురులా పట్టేస్తుంది. దాన్ని లోపలా బయటా పూస్తారు. ఏడాది తిరిగేసరికి మరమ్మతుకు వచ్చిన ఓడకు పాత పలకల మీదే ఇంకో వరుస కొడతారు. అలా ఆరు వరుసల దాకా. ఆ తర్వాత దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లరు.

ఇందులో గొప్పలు ఎన్ని, నిజం ఎంత అనే అనుమానం చాలాకాలం ఉండేది. 1974లో చైనాలోని చ్వాన్‌జౌ దగ్గర బురదలోంచి సోంగ్ రాజుల కాలపు ఓడ ఒకటి తవ్వి తీశారు. పోలో జైతూన్ అని పిలిచిన రేవు అదే, ఆయన ఇంటిదారి పట్టిందీ అక్కణ్ణుంచే. ఆ ఓడ మునిగింది 1270ల్లో. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు. పన్నెండు అడ్డుగోడలు, పదమూడు అరలు. పలకలు కొన్నిచోట్ల రెండు వరుసలు, కొన్నిచోట్ల మూడు. ఇనుప మేకులు. సున్నమూ తుంగ్ అనే చెట్టు నూనే కలిపిన లప్పం. అరల లెక్క కూడా తప్పకుండా పోలో మాట రుజువైంది.

ఇక తుప్పు సంగతి. మేకు తలను పలక మట్టానికి లోపలికి దించి, పైన ఆ లప్పం కూరేవాళ్లు. తుంగ్ నూనె ఆరితే గట్టిపడి నీరు చొరని పొర అవుతుంది. నీరు చేరని చోట బ్యాటరీ నడవదు. దీనికి సున్నం తోడు. సున్నం క్షారం. క్షారం తగిలే చోట ఇనుము మీద కంటికి కనపడనంత పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి అక్కడే అంటిపెట్టుకుంటుంది, కరగదు. మేకులకు అసలు తుప్పు పట్టలేదని కాదు, నెమ్మదిగా పట్టింది. వర్తకుడికి కావాల్సింది కూడా అంతే, ఇంకో నాలుగు ప్రయాణాలు. ఏటా ఇంకో వరుస పలకలు కొత్త మేకులతో కొట్టడంలో కూడా ఈ లెక్కే ఉందనిపిస్తుంది. పాత మేకు సన్నబడేలోపు కొత్త మేకు బరువు అందుకుంటుంది.

మా ఇంటి స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ఇదీ తుప్పేనా?

అవును, పైన చెప్పిన సున్నం కథకు ఇది రెండో సగం. సిమెంటులోనూ సున్నమే పని చేస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్, అంటే క్షారగుణం కొలత, 12, 13 మధ్య ఉంటుంది. అంత క్షారంలో ఊచకు తుప్పు పట్టదు, ఆ పలుచని పొర కాపాడుతుంది. అది పోయే దారులు రెండు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి సున్నాన్ని సుద్దగా మార్చేస్తుంది, క్షారగుణం పడిపోతుంది. లేదా ఉప్పులోని క్లోరైడ్ ఊచ దాకా చేరి పొరకు చిల్లు పెడుతుంది. మా తీరంలో ఎక్కువ నష్టం చేసేది రెండోదే.

మా ఇంట్లోనే చూశాను. హాల్లో ఫ్యాను కొక్కెం పక్కన పెన్సిల్ గీతంత గోధుమరంగు చార మొదట కనిపించింది. సున్నం వేస్తే రెండు నెలల్లో మళ్లీ వచ్చింది. కర్రతో తడితే మిగతా స్లాబు ఠంగుమంది, అక్కడ మాత్రం డొల్ల చప్పుడు. ఒక మధ్యాహ్నం పళ్లెమంత పెచ్చు ఊడి పడింది, ఆ వేళకు కింద ఎవరూ లేకపోవడం మా అదృష్టం. పైకి చూస్తే ఊచ మీద కాంక్రీటు బొటనవేలి గోరంత మందం కూడా లేదు. ఇంత ఊచ ఉండాల్సింది, పొరలు గోకేస్తే సగమే మిగిలింది. పోయిన సగమే పొంగి, పైనున్న కాంక్రీటును తోసేసింది.

కట్టేటప్పుడే చూసుకోవాల్సింది ఊచ మీద కాంక్రీటు మందం. సముద్రపు గాలి తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రమాణం 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. ఊచలను ఆ ఎత్తులో నిలబెట్టే కవర్ బ్లాకులు పెట్టారో లేదో కాంక్రీటు పోసే ముందు రోజు మీరే వెళ్లి చూడండి, పోశాక చూడటానికి ఏమీ ఉండదు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పునీళ్లు వద్దు. తాపీమేస్త్రీని ఈ మూడింటి గురించి అడగడానికి మొహమాటపడకండి. ఇప్పటికే పెచ్చులూడితే పైన ప్లాస్టరింగ్ పూసి మూసేయడం వల్ల లాభం లేదు. ఊచ చుట్టూ కాంక్రీటు చెక్కించి, తుప్పంతా గోకించి, ఊచ మరీ సన్నబడితే ఇంజనీరుకు చూపించాలి.

జింకు పూస్తే తుప్పు ఎందుకు పట్టదు? పోలో కాలానికి ఇది తెలుసా?

జింకు ఇనుముకంటే తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది. రెండూ కలిసి తడిస్తే కరిగేది జింకు, బతికేది ఇనుము. అందుకే జీఐ రేకు, అంటే జింకు పూసిన ఇనుప రేకు, మీద గీత పడ్డా వెంటనే ఎర్రబడదు. ఓడల అడుగున ఇప్పటికీ జింకు దిమ్మలు బిగిస్తారు, అవి అరిగాక మారుస్తారు.

దీనికి తిరగబడ్డ పాఠం బ్రిటిష్ నౌకాదళం నేర్చుకుంది. 18వ శతాబ్దంలో అలార్మ్ అనే ఓడ అడుగున నాచు, పురుగు పట్టకుండా రాగి రేకు కొట్టారు. 1763లో తీసి చూస్తే రాగి తగిలిన ఇనుప మేకులు తినేసి ఉన్నాయి. రేకుతో వచ్చిన గోధుమ కాగితం పొరపాటున మిగిలిపోయి రాగికీ ఇనుముకూ అడ్డున్న చోట మేకులు చెక్కుచెదరలేదు. రాగి పక్కన ఇనుము పెడితే ఇనుమే బలి. మీ ఇంట్లో రాగి పైపునూ ఇనుప పైపునూ నేరుగా కలపొద్దని ప్లంబరు చెప్పేది ఇందుకే.

పోలో కాలానికి ఇనుముకు జింకు పూత లేదు. కానీ ఆయన జింకు సరుకును చూశాడు. కెర్మాన్ దగ్గర కోబినాన్ అనే ఊళ్లో ఒక రకం మట్టిని కొలిమిలో వేసి, పైన ఇనుప జల్లెడ పెడతారనీ, లేచిన పొగ ఆ ఇనుముకు అంటుకుని తూతియా అవుతుందనీ, అది కళ్లకు మందనీ రాయించాడు. ఆ తూతియా అంటే జింక్ ఆక్సైడ్. మన తుత్తునాగం, మైలుతుత్తం అన్న మాటల్లోని తుత్తమూ పారశీకుల తూతియా ఒకే ఇంటి పేర్లు.

తెలంగాణ ఉక్కు గురించి పోలో రాశాడా?

నేరుగా రాయలేదు. కెర్మాన్ గనుల్లో ఉక్కుతోపాటు ఒందానిక్ అనే మేలురకం ఉందని మాత్రం చెప్పాడు. ఆ మాట పారశీకంలోని హిందువానీ నుంచి వచ్చిందని పండితుల వివరణ. భారతీయమైనది అని దాని అర్థం. అంటే మంచి ఉక్కుకు ఆ రోజుల్లో మన దేశం పేరే పెట్టుకున్నారు. తర్వాతి శతాబ్దాల్లో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్లు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన వాయ్సీ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రవేత్త ఇది రాశాడు.

ఆ ఉక్కుకు తుప్పు పట్టదని కొందరు నమ్ముతారు. పడుతుంది. అందులో కార్బన్ ఎక్కువ, పదునుకూ గట్టిదనానికీ అదే కారణం. క్రోమియం కవచం లేదు. పాత కత్తులు ఈనాటికీ మెరుస్తున్నాయంటే తరతరాలుగా నూనె రాసి కాపాడారు కాబట్టి.

ఢిల్లీ ఇనుప స్తంభం మరి?

దానికి కారణం ఫాస్ఫరస్. ఆనాటి కమ్మరులు కొలిమిలో సున్నపురాయి వేయలేదు కాబట్టి ఫాస్ఫరస్ ఇనుములోనే మిగిలింది. అది ఉపరితలం మీద గట్టి పొర కట్టడానికి తోడ్పడింది. ఎక్కువ కాలం పొడిగా ఉండే ఢిల్లీ గాలి కూడా సాయం చేసింది. మా ఊళ్లో నిలబెడితే అంత బాగా ఉండేదని నేను అనుకోను.

పోలో మోటుపల్లికి నిజంగా వచ్చాడా? రుద్రమదేవిని చూశాడా?

పుస్తకంలో ముత్‌ఫిలి అనే రాజ్యం ఉంది, అది మోటుపల్లే. భర్త పోయి నలభై ఏళ్లయినా న్యాయం తప్పకుండా ఏలుతున్న రాణి, వానల తర్వాత వాగుల్లో ఏరుకునే వజ్రాలు, పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెచ్చే కథ, సాలెగూడులా కనిపించే సన్నని బట్టలు ఉన్నాయి. రాణి అంటే రుద్రమదేవే. కానీ గణపతిదేవుడు ఆమెకు తండ్రి, భర్త కాదు. పోలో ఓడ మన తీరం దాటింది 1290ల మొదట్లో. రుద్రమదేవి 1289లో మరణించినట్టు నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతోంది. కాబట్టి ఆయన చూసి రాయలేదు, రేవుల్లో విన్నదే రాయించాడని నా నమ్మకం.

మోటుపల్లిలో పోలో మాటలకంటే నన్ను ఎక్కువగా కదిలించేది అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గరున్న గణపతిదేవుడి అభయ శాసనం. 1244-45 నాటిది. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా లాక్కునేవాళ్లని అందులో ఉంది. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ప్రాణంకంటే ధనమే ఎక్కువనుకుని సముద్రమంత ప్రమాదానికి ఒడిగట్టిన వాళ్ల మీద దయతో అంటూ కారణం కూడా చెప్పాడు. మేకులతోనో తాళ్లతోనో బిగించిన చెక్కల మీద ప్రాణం పెట్టుకుని వచ్చేవాళ్ల బాధ తెలిసిన పాలకుడి మాట అది.

అసలు పోలో చైనాకే వెళ్లలేదంటారు కదా?

మహాకుడ్యం గురించి, టీ గురించి చెప్పలేదని ఆ అనుమానం. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే గోడలో ఎక్కువ భాగం మింగ్ రాజులు కట్టింది, పోలో తర్వాతిది. ఆయన వెళ్లాడని చెప్పే సాక్ష్యాల్లో నాకు నచ్చింది ఇది. కొకాచిన్ అనే రాకుమారిని పర్షియా ఏలిక అర్ఘూన్ దగ్గరికి తీసుకెళ్లిన ముగ్గురు దూతలతో కలిసి 14 ఓడల్లో బయల్దేరామని ఆయన రాయించాడు. దూతల పేర్లు కూడా ఇచ్చాడు. 1941లో యాంగ్ జిజియూ అనే చైనా చరిత్రకారుడు అక్కడి పాత అధికార పత్రాల్లో ఆ ముగ్గురి పేర్లనే కనుక్కున్నాడు. ఆ పత్రాలు పోలో పుస్తకంలోకి ఎక్కే దారి లేదు. ఆ ప్రయాణంలో నావికులు కాక ఆరు వందల మంది ఎక్కితే, కొన్ని ప్రతుల ప్రకారం బతికి దిగింది 18 మంది.

ఖాన్ ఇచ్చిన బంగారు పలక తుప్పు పట్టదు. ఇనుప పలకలు కూడా ఉండేవా?

ఉండేవి. దారిలో గుర్రాలు, తిండి, బస ఇవ్వాలని హుకుం చెప్పే ఆ పలకను పైజా అంటారు. పోలోలకు ఇచ్చింది బంగారంది. బంగారం ఆక్సిజన్‌తో కలవదు కాబట్టి తుప్పు మాటే లేదు. ఇనుముతో చేసి వెండి అక్షరాలు పొదిగిన 13వ శతాబ్దపు పైజా ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

నీటి అడుగున గాలి ఉండదు కదా, మునిగిన ఓడకు తుప్పు ఎలా పడుతుంది?

నీటిలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది, చేపలు బతికేది దానితోనే. దాదాపు 3,800 మీటర్ల లోతున్న టైటానిక్‌ను బాక్టీరియా కూడా తింటున్నాయి. దాని తుప్పు నుంచి వేరుచేసిన ఒక రకానికి 2010లో ఆ ఓడ పేరే పెట్టారు. అయితే అన్నింటికంటే వేగంగా తుప్పు పట్టేది పూర్తిగా మునిగిన భాగానికి కాదు, అల తగిలి తడిసి ఆరుతూ ఉండే భాగానికి. ఉప్పు, నీరు, కావాల్సినంత గాలి మూడూ అక్కడే దొరుకుతాయి. మా ఊరి జెట్టీ స్తంభాల్లో నడుం దగ్గర సన్నబడ్డవి చూడండి.

ఇంట్లో పెనం, కత్తిపీట ఎలా కాపాడుకోవాలి?

కడిగిన వెంటనే తుడిచి, పొయ్యి మీద ఒక నిమిషం ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి. ఆవకాయకు కాయలు కొట్టిన కత్తిని పులుపుతో అలా వదిలేయొద్దు, పులుపు రక్షణపొరను కరిగించేస్తుంది. గేట్లు, గ్రిల్సుకు రంగు వేసే ముందు పాత తుప్పు పూర్తిగా గోకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టాకే రంగు. తుప్పు మీద రంగు వేస్తే రంగు కింద తుప్పు హాయిగా పెరుగుతుంది.

తుప్పు ఎందుకైనా పనికొస్తుందా?

వస్తుంది, మన తీరంలోనే. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు పుట్టేది తుప్పు నుంచే. తుప్పు పట్టిన మేకులు, పాత గుర్రపు నాడాలు, ఇనుప ముక్కలు కుండలో వేసి, బెల్లం నీళ్లు పోసి మూడు వారాల దాకా పులియబెడతారు. వచ్చిన పులుసు పేరు కసిమి. కుండ మూత తీస్తే ఘాటైన పులుపు వాసన ముక్కుకు కొడుతుంది. లోపలి ద్రవం చూడటానికి నల్లగా ఉండదు, పలుచని గోధుమరంగు.

బట్టను అంతకుముందే కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. వెదురు కలానికి ఉన్ని చుట్టి, కసిమిలో ముంచి, ఆ పసుపుపచ్చ బట్ట మీద గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకుంటుంది. కలం ముందుకు కదులుతుంటే వెనక గీత చూస్తుండగానే గోధుమరంగు నుంచి నలుపుకు తిరుగుతుంది.